తారీఖు లేని నిరీక్షణ: డయాలసిస్ మీదున్న ఒక మాస్టారి కేసు

నేను హాస్పిటల్ చాప్లెయిన్‌ని, అంటే పేషెంట్లకీ వాళ్ళ కుటుంబాలకీ తోడుండే పాస్టర్ని, కోస్తాలోనే ఒక మిషన్ హాస్పిటల్లో. తోటివాళ్ళు కొందరు ఈ కేసు పూర్తిగా రాసి పెట్టమంటే రాస్తున్నా. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశా, ఊరు కూడా చెప్పను, బాపట్ల వైపు అనుకోండి చాలు. ఆయన్ని మాస్టారు అనే పిలుస్తా, ఎందుకంటే అక్కడ నర్సుల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ అలాగే పిలిచేవాళ్ళు.

వయసు 43. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. బీపీ ఎప్పట్నుంచో ఉంది, చూపించుకోలేదు, కళ్ళు మసకబారుతున్నాయని కంటి డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన బీపీ చూసి ఇటు పంపాడు, అప్పటికే రెండు కిడ్నీలూ దాదాపు పోయాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది, అంటే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ కుటుంబం అవయవాలు ఇస్తే వరసలో వచ్చే కిడ్నీ కోసం ఎదురుచూడ్డం అన్నమాట. భార్యకి ఇవ్వాలనే ఉంది గానీ బ్లడ్ గ్రూపు కలవలేదు, తల్లికి 68 ఏళ్ళు, షుగరు, కుదరదన్నారు. తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. అతని సంగతి తర్వాత చెప్తా. ఒక కూతురు, అప్పుడు టెన్త్. ట్రీట్‌మెంటు అప్పట్లో ఆరోగ్యశ్రీలో జరిగిపోయేది, డయాలసిస్ వాళ్ళకిచ్చే పింఛను నెలకి 10,000 వచ్చేది, ఇల్లు నడిచేది ఎక్కువగా దాని మీదా భార్య కుట్టు మిషన్ మీదా.

నన్నెందుకు పిలిచారంటే, మాస్టారు వరసగా మూడు సెషన్లు ఎగ్గొట్టారు. మర్చిపోయి కాదు. ఒక స్వస్థత కూటంలో ఆయన మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, మూడు నెలల్లో నీ కిడ్నీలు కొత్తవైపోతాయి, మెషీన్ మీద కూర్చోవడం అంటే అనుమానించడమే అన్నారట. ఆ మాట చెప్పిన వాళ్ళెవరో ఇక్కడ రాయను, అవసరం లేదు. దాంతోపాటు ఉపవాస ప్రార్థన, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా. డయాలసిస్ పేషెంట్‌కి మామూలు వాళ్ళకన్నా ప్రోటీను ఎక్కువ కావాలి, మెషీన్ మీద కొంత పోతుంది కాబట్టి రోజూ గుడ్డు తెల్లసొన తినమంటారు, ఆయన అది కూడా మానేశారు, పైగా సాయంత్రం ఉపవాసం విడిచేది కొబ్బరి నీళ్ళతో. కొబ్బరి నీళ్ళంటే పొటాషియం, కిడ్నీలు పోయినవాళ్ళకి అది రక్తంలో పేరుకుంటే గుండెకే ప్రమాదం. తొమ్మిదో రోజు రాత్రి ఊపిరాడక తీసుకొచ్చారు, పొటాషియం 7.1, ఈసీజీ మారిపోయింది, అర్ధరాత్రి ఎమర్జెన్సీ డయాలసిస్ పెట్టారు. బతికారు. మర్నాడు నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, నాకు ఫోన్ చేసి, మీ దేవుడి డిపార్ట్‌మెంట్ వల్ల వచ్చిన కేసు, మీరే చూసుకోండి అన్నాడు. సరదాగానే అన్నాడు గానీ మాటలో కోపముంది, ఉండాలి కూడా.

మొదటి రోజు మాస్టారు నాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, లెక్క ఎక్కడ తప్పిందో చూసిపెట్టండి." ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, స్కేలుతో గీతలు గీసి కాలమ్‌లు, తారీఖు, చేసిన ప్రార్థన, ఆనుకున్న వచనం, ఉపవాసం ఉందా లేదా, చివరి కాలమ్ ఫలితం. ఫలితం కాలమ్ మొత్తం ఖాళీ. ప్రతి ఆదివారం తన విశ్వాసానికి పదికి మార్కులు కూడా వేసుకున్నారు, ఆరు, ఐదున్నర, ఏడు. మార్కులు పెరిగితే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) తగ్గాలి, అదీ ఆయన లెక్క, తగ్గకపోతే తప్పు తనదే అయ్యుండాలి, ఎందుకంటే దేవుడు తప్పు చెయ్యడు కదా. లెక్కల మనిషి కాబట్టి ఇంత నీట్‌గా రాసుకున్నాడు గానీ, ఇదే లెక్కని రాయకుండా మనసులో మోసే విశ్వాసులు మన సంఘాల్లో ఎంతమందో.

ఇలాంటప్పుడు నేను ముందు చూసేది ఒకటుంది, భక్తి ఎంత ఉందని కాదు, ఆ భక్తి మనిషిని నిలబెడుతోందా నలగ్గొడుతోందా అని. పార్గమెంట్ అనే సైకాలజిస్టు కష్టంలో మతాన్ని మనుషులు ఎలా వాడుకుంటారో బాగా పరిశోధన చేశాడు, రెండు రకాలుగా విడదీశాడు, దేవుడు నాతో ఉన్నాడు, సంఘం నాతో ఉంది అని ఆనుకోవడం ఒకటి, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అని కుమిలిపోవడం రెండోది. ఆయన చేసిన చిన్న ప్రశ్నావళిలో 14 వాక్యాలుంటాయి, సగం ఇటు సగం అటు. నేను కాగితం ఇచ్చి టిక్కులు పెట్టించను, మాటల్లో అడుగుతా. మాస్టారు రెండింటిలోనూ నిండుగా ఉన్నారు. రోజూ ప్రార్థన, రోజూ వాక్యం, సంఘం మీద ప్రేమ, దాని పక్కనే తను శిక్షలో ఉన్నానన్న నమ్మకం. బయటికి చూస్తే బలమైన విశ్వాసి. మంచం పక్కన ప్రార్థన చేసి వచ్చేస్తే అసలు తెలియదు.

ఇంకొకటి గమనించా, అది మెల్లగా బయటపడింది. ఆ ఇంట్లో ప్రతి వాక్యం "కిడ్నీ వచ్చాక" అని మొదలవుతుంది. కిడ్నీ వచ్చాక పాప కాలేజీ చూద్దాం, కిడ్నీ వచ్చాక వెనకాల గది కారుతోంది రేకులు మార్పిద్దాం, కిడ్నీ వచ్చాక ట్యూషన్లు మొదలుపెడతా. ఇద్దరు పాత స్టూడెంట్లు ఇంటికొచ్చి లెక్కలు చెప్పమంటే కూడా స్వస్థత వచ్చాకే అన్నారట. ఇప్పుడు చెప్తే ఏంటి మాస్టారూ అనడిగా. జబ్బుతో సర్దుకుపోయినట్టు ఉంటుంది అయ్యగారూ, అంటే ఆశ వదిలేసినట్టే కదా అన్నారు. నా దృష్టిలో కేసంతా ఇక్కడే ఉంది. డయాలసిస్ ఎగ్గొట్టడం ఆ కొమ్మకి కాసిన కాయ మాత్రమే.

నేను స్వస్థతని నమ్మనివాణ్ణి కాదు, అది ముందే చెప్పాలి. రోజూ స్వస్థత కోసమే ప్రార్థిస్తా, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో చెప్పినట్టు పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తే పక్కన నిలబడి ఆమేన్ అంటా. నా గొడవ తారీఖుతో. దేవుడు ఇవ్వని తారీఖు మనం ఇచ్చి, ఆ తారీఖు దాటిపోయాక ఆ మనిషిని అతని విశ్వాసంతో పాటు ఒంటరిగా వదిలేసి వెళ్ళిపోవడంతో.

వాగ్దాన కార్డు సంగతి

మన దగ్గర డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు, అంటే రాబోయే ఏడాదికి వాగ్దానంగా ఒక్కో బైబిల్ వచనం రాసున్న కార్డులు, తీసుకోవడం అందరికీ తెలిసిందే. మాస్టారికి ఆ ఏడు వచ్చింది యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వచనం. లామినేషన్ చేయించి డయాలసిస్ ఫైల్ మీద అంటించుకున్నారు. నేను ఆ వచనాన్ని ఆయన చేతిలోంచి లాక్కోదలచుకోలేదు. అలా లాక్కునే చాప్లెయిన్లున్నారు, సందర్భం వేరండీ, అది బబులోనుకి బందీలుగా పట్టుకుపోయినవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, మీకు వర్తించదు అని క్లాసు పీకి వెళ్ళిపోతారు, చదువుకున్నామన్న తృప్తి తప్ప ఆ మనిషికి ఏం మిగలదు. నేను అన్నదొక్కటే, మాస్టారూ మనకి నాలుగు గంటలు టైముంది, మీరెక్కడికీ కదల్లేరు, నాకూ పెద్ద పనేం లేదు, వచనం ఒక్కటే కాకుండా ఉత్తరం మొత్తం చదువుదామా అని. నవ్వారు. ఆ ఉత్తరం 29వ అధ్యాయంలో ఉంది, మేం 27వ అధ్యాయం నుంచే మొదలుపెట్టాం. మధ్యలో మెషీన్ అలారం కొట్టడం, టెక్నీషియన్ రావడం, బీపీ పడిపోతే కాళ్ళు పైకెత్తడం, అలా కొన్ని వారాలు పట్టింది.

27లో యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని తిరుగుతాడు, బబులోను రాజుకి లోబడండి, బతకండి అని. 28లో హనన్యా వస్తాడు. అతను కూడా ప్రవక్తే, యెహోవా పేరు మీదే మాట్లాడతాడు, మందిరంలో అందరి ముందూ, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుంది, మందిరపు సామాన్లు వచ్చేస్తాయి, చెరపట్టుకుపోయిన రాజూ వచ్చేస్తాడు అని. తారీఖుతో సహా. యిర్మీయా మెడ మీది కాడిని తీసి విరగ్గొడతాడు కూడా. అంతకన్నా గొప్ప విశ్వాసపు మాట ఇంకోటి ఉంటుందా అని అడిగా. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాకు వినపడింది ఇతనే అయ్యగారూ" అన్నారు.

దీనికి యిర్మీయా ఏమన్నాడో చూడండి, నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. నువ్వు అబద్ధికుడివి అని వెంటనే మీద పడలేదు. ఆమేన్ అన్నాడు. యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. అతనికీ అదే కావాలి! జనం తిరిగి రావడం, మందిరం నిండడం, అతని కోరిక కూడా అదే. కోరికకి ఆమేన్ చెప్పాడు, తారీఖుని మాత్రం నమ్మలేదు. కాడి విరగ్గొట్టినప్పుడు కూడా ఏం వాదించకుండా తన దారిన తను వెళ్ళిపోయాడు, దేవుడి మాట వచ్చాకే మళ్ళీ వచ్చి చెప్పాడు, నువ్వు కొయ్యకాడి విరిస్తే ఇనుపకాడి వస్తుందని. హనన్యా ఆ ఏడాదిలోనే చనిపోయాడు.

ఆ రోజు నుంచి మాస్టారికి ఒక దారి దొరికింది. ఎవరైనా ఫోన్ చేసి, బ్రదర్, ప్రభువు నాకు చూపించాడు, వచ్చే నెలకల్లా మీకు పూర్తి స్వస్థత అంటే, ఆమేన్ అండీ, ప్రభువు అలాగే చేయాలి అని ఫోన్ పెట్టేసి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మెషీన్ దగ్గరికి వచ్చేసేవారు. వాదన లేదు, మొహమాటం లేదు. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

29లో ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోనుకి పట్టుకుపోయినవాళ్ళకి రాసింది. 11వ వచనం కంటే ముందు 10వది ఉంది, అందులో డెబ్భై సంవత్సరాలు అని ఉంది. అది విన్న ముసలాళ్ళు ఎవరూ తిరిగి వెళ్ళేది లేదు. దానికీ ముందు 5వది, "ఇండ్లు కట్టించుకొని వాటిలో కాపురముండుడి, తోటలు నాటించి వాటి ఫలముల ననుభవించుడి." పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి. అంటే ఎదురుచూసేవాళ్ళకి దేవుడు చెప్పిన మొదటి పని తోట వెయ్యమని. తోట వేస్తే బబులోనుతో సర్దుకుపోయినట్టా, యెరూషలేముని వదిలేసినట్టా? ఈ ప్రశ్న నేను వెయ్యలేదు, మాస్టారే వేశారు, వేసి, ట్యూషన్ సంగతి గుర్తొచ్చి తనే ఆగిపోయారు.

ఆ తర్వాత 32 కూడా చదివాం, యెరూషలేము ముట్టడిలో ఉండగా, తను జైల్లో ఉండగా, యిర్మీయా అనాతోతులో పొలం కొంటాడు, 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులతో సంతకాలు పెట్టించి, దస్తావేజుని మట్టికుండలో పెట్టిస్తాడు చాలా రోజులుండేలా. శత్రువు చేతిలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్! మాస్టారికి దస్తావేజు, సాక్షులు అన్న వివరాలు తెగ నచ్చాయి. ఇది భావోద్వేగం కాదండీ, పేపర్ వర్క్ అన్నారు. జీవన్‌దాన్ రెన్యువల్ పేపర్లు, ఎప్పటికప్పుడు చేయించాల్సిన టెస్టులు, అన్నీ ఒక ఫైల్లో సర్దుకుని అప్పటి నుంచి ఆ ఫైల్‌ని కుండ అనేవారు. భార్యతో "ఏమోయ్, కుండ తెచ్చావా" అని అడిగేవారు వార్డులో, పక్క బెడ్ వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

భార్య

ఆవిడ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో అందరూ పేషెంట్ విశ్వాసం గురించే మాట్లాడతారు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని ఎవరూ అడగరు. ఆవిడ సంఘం క్వయిర్‌లో పాడేది, స్త్రీల మైత్రిలో ముందుండేది. మూడు నెలల మాట దగ్గర్నుంచి పాడటం మానేసింది. అడిగితే గొంతు బాలేదనేది. ఒకరోజు మాస్టారు మెషీన్ మీద నిద్రపోతుంటే కారిడార్‌లోకి వచ్చి, అయ్యగారూ, నాకు పాడాలని లేదు, ప్రార్థన చెయ్యాలని కూడా లేదు, ఆయనకి చెప్పకండి, నా అవిశ్వాసం వల్లే ఆయనకి రాలేదనుకుంటారు అంది. అక్కడున్న భయం ఏమిటో చూడండి. ఒక మనిషి ఏడిస్తే ఇంకొక మనిషి కిడ్నీ ఆగిపోతుందన్న భయం. వాళ్ళింట్లో నెగటివ్ మాట రాకూడదని ఒక రూల్, నెగటివ్‌గా మాట్లాడితే సాతానుకి చోటిచ్చినట్టు అని. కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు ధైర్యం నటించుకుంటూ నెలలు గడిపేశారు.

నేను ఆవిడకి ఓదార్పు వచనం ఏదీ ఇవ్వలేదు. యోహాను 11లో మార్త సంగతి అడిగా. మార్త, మరియల సహోదరుడు లాజరు జబ్బు పడ్డాడని కబురు పంపితే యేసు ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు, వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది, మార్త ఎదురెళ్ళి ఏమంది? నువ్విక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు అంది. మరియ కూడా అదే మాట. ఆ ఇద్దర్నీ ఆయన కోప్పడలేదు, మరియ ఏడుస్తుంటే తనూ ఏడ్చాడు. ఆవిడ విని, "అంటే అడగొచ్చా" అంది. అడగొచ్చమ్మా అన్నా. ఆ తర్వాత 88వ కీర్తన చూపించా. మామూలుగా కష్టంతో మొదలైన కీర్తన చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతుంది, 13వది చూడండి, "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలై పాటతో ఆగుతుంది, అది కూడా ఆరు వచనాల్లోనే. 88 అలా తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆపేస్తుంది. అది కూడా బైబిల్లోనే ఉంది, ఎవరూ తీసెయ్యలేదు. కానీ ఆ కీర్తన మొదటి మాట చూడండి, దేవుణ్ణి పిలుస్తూనే మొదలైంది. చీకటి గురించి కూడా ఆయనకే చెప్తున్నాడు, ఇంకెవరికీ కాదు. నాకు తెలిసి ఓపిక అనేది ఇలా కూడా ఉంటుంది, నవ్వుమొహం లేని ఓపిక. యాకోబు పత్రికలో యోబు సహనం గురించి రాశారు కదా, యోబు గ్రంథం తెరిచి చూడండి ఆ సహనంలో ఎన్ని కేకలున్నాయో.

తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి ఈ కీర్తన ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించమన్నా. నేను బయటికి వెళ్ళిపోయా, లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అడగలేదు. ఆ వారం తర్వాత మాస్టారి నోట్‌బుక్‌లో మార్కుల కాలమ్ ఆగిపోయింది. కారణం ఆయన చెప్పలేదు. ఆవిడ వెంటనే క్వయిర్‌కి వెళ్ళిపోలేదు, చాలా నెలలు వెనక బెంచీలో కూర్చుని వచ్చేసేది, నేను తొందర పెట్టలేదు.

తమ్ముడు, తల్లి

పెద్దావిడ సంగతి కొంచెం కష్టం. ఒకపక్క ఎవరి పాపమో నా బిడ్డకి తగిలింది అంటుంది, ఇంకోపక్క చిన్నోడు ఒక్కడు ఊ అంటే చాలు అంటుంది. మొక్కుబడి కూడా కట్టింది, కిడ్నీ వస్తే చర్చికి మైకు సెట్ ఇస్తానని. పాపం మాటకి యోహాను 9 చాలు, వీడు పాపం చేశాడా వీడి తల్లిదండ్రులా అని శిష్యులడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు, ఆవిడకి ఆ అధ్యాయం తెలుసు, సండే స్కూల్లో చెప్పింది కూడా, తన కొడుకు దాకా వచ్చేసరికి మర్చిపోయిందంతే.

తమ్ముడి విషయంలో నన్ను వాడుకోవాలని చూశారు. అయ్యగారూ మీరు ఫోన్ చేస్తే కాదనడు, రక్తం పంచుకు పుట్టినవాడు, ప్రభువు ప్రాణమే ఇచ్చాడు వీడు ఒక కిడ్నీ ఇవ్వలేడా అని చెప్పండి అని. నేను చెయ్యనన్నాను, ఖచ్చితంగా. మన చట్టంలో, అంటే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011లో సవరించారు, తోబుట్టువులు దగ్గరి బంధువుల్లోకే వస్తారు, ఇవ్వడానికి అడ్డంకి లేదు, కానీ ఇచ్చేవాడు తనంతట తాను ఇవ్వాలి, ఒత్తిడి మీద ఇచ్చినట్టు డాక్టర్లకి అనిపిస్తే ఆపేస్తారు, ఆపాలి. పాస్టర్ ఫోన్ చేసి సిలువని అడ్డం పెట్టి అడిగితే అది ఒత్తిడి కాక ఇంకేంటి? సిలువ మీద ఎవడూ ఆయన్ని బలవంతం చెయ్యలేదు, నా ప్రాణం నేనే పెడుతున్నా అన్నాడు. పెద్దావిడకి కోపమొచ్చింది, కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాస్టారు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు, ఎందుకంటే తమ్ముడి మీద ఆశ పెట్టుకున్నంత కాలం తమ్ముడితో మామూలుగా మాట్లాడలేకపోయారట, ప్రతి ఫోనూ అడుగుదామా వద్దా అన్నట్టే నడిచేది. నువ్వు ఇవ్వక్కర్లేదురా, ఊరికే ఫోన్ చెయ్యి అని ఆయనే చెప్పారు. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడు, కువైట్‌లో సెలవు కదా.

డాక్టరు అడిగిన ప్రశ్న

నెఫ్రాలజిస్టు ఒకరోజు టీ దగ్గర పట్టుకున్నాడు. మీరు ఆయన ఆశ తగ్గించేస్తున్నారేమో, కిడ్నీ వస్తుందన్న ఆశతో ఉన్న పేషెంట్లే టైముకి వస్తారు, మందులు మింగుతారు అన్నాడు. మంచి ప్రశ్న. ఆశ మీద సైకాలజీలో స్నైడర్ చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంటుంది, లక్ష్యం ఉండాలి, దానికి దారులు కనపడాలి, నడవగలనన్న నమ్మకం ఉండాలి అని. అది పనికొచ్చేదే, మాస్టారికి టెస్టులు, పేపర్లు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) పట్టిక ఇవన్నీ ఆ దారులే. కానీ దారులన్నీ మూసుకుపోయిన రోజు ఏం చెయ్యాలి? కిడ్నీ అనేది రేపు రావచ్చు, పదేళ్ళకి రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా శరీరం దాన్ని తోసెయ్యొచ్చు. క్రైస్తవ నిరీక్షణ కిడ్నీ దగ్గర ఆగితే అది కిడ్నీతో పాటే పోతుంది. డాక్టరుకి నేను చెప్పింది ఇదే, ఆయన అడిగేది కిడ్నీయే, రోజూ అడుగుతాడు, నేనూ అడుగుతా. ఆనుకునేది మాత్రం చనిపోయినవాళ్ళని లేపే దేవుణ్ణి. పౌలు రోమా 8లో రాసింది శరీరం విమోచన కోసం కనిపెట్టడం గురించి, సృష్టి అంతా మూలుగుతోంది, మనమూ మూలుగుతున్నాం, ఆత్మ కూడా మూలుగుతున్నాడు అని రాసి ఆ మధ్యలోనే "మనము చూడనిదాని కొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము" అన్నాడు. ఆ పౌలే తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసెయ్యమని మూడు సార్లు వేడుకున్నాడు, తియ్యలేదు. తన తోటి పనివాడు త్రోఫిము జబ్బుతో ఉంటే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు, నీ విశ్వాసం చాల్లేదని రాయలేదు. తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. హిజ్కియా రాజుకి పదిహేనేళ్ళు ఆయుష్షు పెంచానని దేవుడు చెప్పాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మందు వాడితే అపనమ్మకం అనేవాళ్ళు ఈ చోట్లన్నీ ఎలా దాటేస్తారో నాకు అర్థం కాదు.

డాక్టరు అంతా విని, పొటాషియం అదుపులో ఉంటే నాకు ఏ థియాలజీ అయినా ఓకే అని టీ తాగేసి వెళ్ళిపోయాడు.

సంఘం వైపు

మాస్టారి సంఘ కాపరి కుర్రాడు, మంచివాడు. ఆయన మీదా ఒత్తిడే, ఇంకో చోట స్వస్థతలు జరుగుతున్నాయట మన దగ్గర ఎందుకు జరగట్లేదు అని విశ్వాసులే అడుగుతారు. ఆయనతో కూర్చుని రెండు విషయాలు ఒప్పుకున్నాం. డయాలసిస్ వాళ్ళకి ఉపవాసం పెట్టకూడదు, వాళ్ళ కోసం మిగతావాళ్ళు ఉపవాసం ఉండొచ్చు. ప్రార్థన విన్నపాల్లో మాస్టారి పేరు వచ్చినప్పుడు తారీఖు, గడువు చెప్పకూడదు. పెద్దలు నలుగురు ఒకసారి వార్డుకే వచ్చి నూనె రాసి ప్రార్థించారు, ఇన్‌ఫెక్షన్ భయంతో టెక్నీషియన్ ఫిస్టులా చేతిని, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే చేతిని, ముట్టుకోనివ్వలేదు, నుదుటి మీద రాశారు. ఇంకో సంగతి, కొందరు విశ్వాసులు వంతులు వేసుకుని బస్‌స్టాండ్ నుంచి బండి మీద ఇంటికి దింపడం మొదలుపెట్టారు, డయాలసిస్ అయ్యాక ఆయనకి తల తిరుగుతుంది కాబట్టి. నన్నడిగితే ఆ కూటాలన్నిటికన్నా ఈ బండి ఎక్కువ పనిచేసింది.

ప్రస్తుతం

కిడ్నీ రాలేదు. ఒకసారి రాత్రి ఫోన్ వచ్చింది, పిలిచినవాళ్ళలో ఆయన రెండో వరసలో ఉన్నారు, పరిగెత్తుకెళ్ళారు, మొదటి మనిషికి సరిపోయింది, వెనక్కొచ్చేశారు. ఆ తర్వాత శ్రమల కాలం అంతా ఆయన చర్చికి రాలేదు. మెషీన్ దగ్గరికి మాత్రం మానలేదు. వచ్చినా మాట్లాడేవారు కాదు, బైబిల్ తియ్యొద్దన్నారు, నేను తియ్యలేదు, క్రికెట్ చూశాం ఆయన ఫోన్లో. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు 9లో జబ్బు కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి అన్న మాట ఒక్కటి ఒకరోజు ఆయనంతట ఆయనే అని, ఇంతే నా దగ్గరున్నది అన్నారు. కొడుకు బాగుపడక ముందు ఆ తండ్రి దగ్గర కూడా అంతే ఉంది మాస్టారూ అన్నా. ఈస్టర్‌కి సమాధుల తోట దగ్గర తెల్లవారుజాము ఆరాధనకి వచ్చారు, వాళ్ళ నాన్నగారి సమాధి అక్కడే ఉంది, నిలబడలేక దాని మీదే కూర్చున్నారట.

సెషన్లు ఎగ్గొట్టడం ఆ తర్వాత లేదు. ఒకసారి ఫిస్టులా ఇన్‌ఫెక్షన్‌తో అడ్మిట్ అయ్యారు, తగ్గింది. ట్యూషన్ నడుస్తోంది, డయాలసిస్ లేని రోజుల్లో, వరండాలో, మొదట ఆ ఇద్దరే, ఇప్పుడు చాప చాలట్లేదు. పాప ఇంటర్‌లో చేరింది, ఎంపీసీ. వెనక గది రేకులు మార్చారు. భార్య మళ్ళీ పాడుతోంది, ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు ఎవరూ చెప్పలేదు, నేను వెళ్ళిన ఆదివారం క్వయిర్‌లో కనిపించింది. పెద్దావిడ నాతో మాట్లాడుతోంది గానీ మొక్కుబడి మాత్రం మార్చుకోలేదు, మైకు సెట్ కిడ్నీ వచ్చాకే అంటోంది. అదొక్కటి "కిడ్నీ వచ్చాక" మిగిలిపోయింది, ఉండనివ్వండి, ఆవిడ ఇష్టం.

ఈమధ్య సంఘంలో ఒక చిన్న గొడవ. సాక్ష్యాల ఆదివారం నాడు మాస్టారి పేరు ఇచ్చారు కాపరి. సంఘ పెద్ద ఒకాయన అడ్డం పడ్డాడు, స్వస్థత రాకుండా సాక్ష్యం ఏంటి, కొత్తగా వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు అని. కాపరి హెబ్రీ 11 తీసి చూపించాడట, సింహాల నోళ్ళు మూసినవాళ్ళు, రంపాలతో కోయబడినవాళ్ళు ఒకే జాబితాలో ఉన్నారు, వీళ్ళంతా వాగ్దాన ఫలం అనుభవించకుండానే సాక్ష్యం పొందారని 39వ వచనంలో రాసుంది కదా అని. చివరికి పది నిమిషాలు ఇచ్చారు. మాస్టారు రాసుకుంటున్నారు, మళ్ళీ స్కేలుతో గీతలు గీసి మరీ. సగం యిర్మీయా, సగం ఆహార నియమాలు, అరటిపండు ఎందుకు తినకూడదో, కొబ్బరి నీళ్ళు ఎందుకు తాగకూడదో, బీపీ ఉన్నవాళ్ళు కిడ్నీ టెస్టు ఎందుకు చేయించుకోవాలో, ఎందుకంటే ఆ సంఘంలో బీపీ వాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్కరూ చూపించుకోరు. పొటాషియం గురించి రాసిన పేజీ డాక్టరుకి చూపించి తప్పులుంటే దిద్దించమని నాకిచ్చారు, రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఇస్తా.